జామాయిల్ నీడలో అక్క మంచం

రండి, ఆ పీట ఇటు జరుపుకొని దగ్గరగా కూర్చోండి. గట్టిగా చెప్పలేను, గోడ అవతల అక్క పడుకొని ఉంది. ఆమె కళ్లు మూసినంతసేపూ నా చెవి ఒకటి అటే ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను ఆగిపోతే ఏమీ అనుకోకండి. ఆమె ఊపిరి లెక్క పెట్టుకుంటున్నానని అనుకోండి. లెక్క అయ్యాక మళ్లీ అందుకుంటాను.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. మా వైపు యారాలు అంటారు. ఈ నేరేడ్‌మెట్ ఇంటికి నేను కోడలిగా వచ్చిన రోజు గడప దగ్గర నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొచ్చింది ఆమే. తీసుకొస్తూనే చెవిలో, "పిల్లా, పొయ్యి కాడ ఎడమ దిక్కు నాది, కుడి దిక్కు నీది. నా దిక్కు గిన్నెలు ముట్టకు" అంది. నాకు అరవై దాటినా ఇప్పటికీ నేను ఆమెకు పిల్లనే. ఆమెకు సంతానం కలగలేదు. నా కొడుకును ఎత్తుకొని పెంచింది ఆమే. వాడు మొదటిసారి అమ్మా అన్నది ఆమెను చూసే. ఆ కోపంతో నేను నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెలంతా నా బట్టలు కూడా ఆమే ఉతికి ఆరేసింది, మాట్లాడకుండానే.

ఇప్పుడు ఇద్దరికీ భర్తలు లేరు. ఇంట్లో మేమిద్దరం, నా కొడుకు. వాడు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. పగలంతా మా ఇద్దరి రాజ్యం.

ఇల్లు రెండు గదులు, పైన రేకులు. ముందు చిన్న వాకిలి, వాకిలి మూలన జామాయిల్ చెట్టు. కొడుకు చిన్నప్పుడు వాడికి ఎప్పుడూ జలుబు, దగ్గు. జామాయిల్ ఆకు ఆవిరి పడితే రొమ్ము తేలిక అవుతుందని ఎవరో చెప్పారట, మా ఆయన సైకిల్ వెనక కట్టుకొని రెండు మొక్కలు తెచ్చాడు. ఒకటి ఎండిపోయింది. ఒకటి రేకులు దాటింది, పక్క బిల్డింగు మూడో అంతస్తునూ దాటింది. తెల్లటి మాను, చీరికలు చీరికలుగా ఊడే బెరడు, ఏడాది పొడవునా రాలే ఆకు. ఆ ఆకు ఊడ్చే పని అక్కది. ఊడ్చిన ప్రతి పొద్దూ ఒకటే మాట అనేది: "నీ మొగడు నీకు చెట్టు తెచ్చిండు, నాకు చీపురు తెచ్చిండు."

వాకిలి గోడకు అవతల పెద్ద రోడ్డు. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో అది మట్టిబాట. సాయంత్రాలు అందులోనే మంచాలు వేసుకొని కూర్చునేవాళ్లం. ఇప్పుడు సరిగ్గా మా గోడ దగ్గరే సిగ్నల్. ఎర్ర లైటు పడిందంటే బస్సులూ ఆటోలూ మోటారు సైకిళ్లూ అన్నీ మా గోడను ఆనుకొని నిలబడి గురగురమంటాయి. గోడ మీద చెయ్యి పెడితే నల్లటి మసి.

కరోనా రోజుల్లో ఆ చెట్టుకు వచ్చిన మర్యాద మీకు చెప్పాలి. గల్లీ గల్లీ నుంచి మనుషులు వచ్చి, "అమ్మా, జెర నాలుగు కొమ్మలు" అని అడిగేవారు. నేను గోడ మీద నుంచి కొమ్మలు అందించేదాన్ని. నా మనసులో ఆ చెట్టు చెట్టు కాదు, మందుల దుకాణం. ఆ నమ్మకం ఒకటి గట్టిగా పట్టుకొన్నాను. నా తప్పు అక్కడ మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

అక్కకు ఆయాసం మొదలైంది ఆ తరువాతే. మొదట మెట్లు ఎక్కితే వచ్చేది, తరువాత నీళ్ల బిందె ఎత్తితే, తరువాత ఊరికే కూర్చున్నా. దవాఖానలో ఉబ్బసం అన్నారు. నోట్లో పెట్టుకొని పీల్చే పంపు ఇచ్చారు. ఒకరోజు ఎండిన ఆకు మీద కాలు జారి పడింది. అప్పుడు వాకిలంతా గచ్చు చేయించాను. మేస్త్రీ, "చెట్టు మొదట్ల జెర మన్ను ఇడ్సాల్నా?" అని అడిగాడు. "వద్దు, అంతా మూసెయ్. మన్ను ఉంటే దుమ్ము లేస్తది, మా అక్కకు పడదు" అన్నాను. మాను చుట్టూ మెడకు పట్టీ వేసినట్టు సిమెంటు బిగించి పోయాడు.

ఇక పోయిన ఎండాకాలం సంగతి.

ఉగాది దాటగానే రేకులు కాలడం షురూ అయింది. మధ్యాహ్నం ఇంట్లో కూర్చుంటే తల మీద పెనం పెట్టినట్టు ఉండేది. ఫ్యాను వేస్తే ఆ పైన వేడే కిందికి దిగేది. కూలరు పెడితే ఆ తడి గడ్డి వాసనకు అక్కకు దగ్గు తెర వచ్చేది. అప్పుడు నాకు తట్టింది. చెట్టు ఉంది కదా, మందుల దుకాణం. దాని కింద మంచం వేస్తే నీడకు నీడ, గాలికి గాలి.

నవారు మంచం ఈడ్చి చెట్టు మొదట్లో వేశాను. పదకొండింటికి అక్కను పడుకోబెట్టి నాలుగు దాటాక లోపలికి తెచ్చేదాన్ని. రెండు రోజులు బాగానే అనిపించింది. మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి గొంతులో పిల్లికూత మొదలైంది. గాలి చాలక అనుకున్నాను. చెట్టు విడిచే మంచి గాలి అంతా అటూ ఇటూ కొట్టుకుపోతోంది, ఈమె దాకా రావడం లేదు అనుకున్నాను.

ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. పాత చీరలు తీసి మంచం చుట్టూ మూడు దిక్కులా కట్టాను. చెట్టు గాలి బయటికి పోకుండా. రోడ్డు దిక్కు మాత్రం విడిచిపెట్టాను, గాలి వచ్చేది అటు నుంచే కదా అని. మాను వైపు ముఖం ఉండేలా ఆమెను తిప్పి పడుకోబెట్టాను. పొద్దున రెండు బకెట్లు నీళ్లు చెట్టుకు పోసేదాన్ని, బాగా తాగితే బాగా గాలి విడుస్తుందని. ఆ గచ్చు మీద పోసిన నీళ్లు మోరీలోకి పోయేవి, అదీ చూసుకోలేదు.

అక్క ఆ చీరల నడుమ పడుకొని, "ఏందే పిల్లా ఇది? పెండ్లికూతుర్ని కూసుండవెట్టినట్టు కట్టినవ్" అంది.

"మంచి గాలి అక్కా. పోకుంట కట్టిన. గట్టిగ పీల్చు."

"పీలుస్తున్ననే. పీల్చిన కొద్ది లోపట మంట లేస్తుంది."

"మందు గట్లనే ఉంటది. జెర ఓపిక పట్టు."

ఆమె ఓపిక పట్టింది. నా మాట విని, నా ముఖం చూసి, రోజుకు ఐదు గంటలు ఓపిక పట్టింది. రోహిణి కార్తె వచ్చేసరికి మధ్యాహ్నాలు మాట మానేసింది. మాటకు ఊపిరి చాలడం లేదు. చేత్తో సైగ చేసేది. పంపు రోజుకు రెండుసార్లు వాడేది కాస్తా ఆరుసార్లకు వచ్చింది. తెల్లవారుజామున మాత్రం కాస్త నిమ్మళంగా ఉండేది. లేచి కూర్చొని చాయ్ తాగేది, నన్ను నాలుగు మాటలు అనేది కూడా. పన్నెండు దాటిందంటే మళ్లీ అదే. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఎందుకు ఇట్లా అవుతోందని నేను ఒక్కనాడూ నిలబడి ఆలోచించలేదు. ఎండ దెబ్బ అనుకొని ఇంకో చీర కట్టాను.

రోహిణికి కొద్ది రోజుల ముందు, అక్క ఇంకా నాలుగు మాటలు మాట్లాడుతున్నప్పుడే, ఒక అమ్మాయి వచ్చింది. మా ఎదురు బిల్డింగులో అద్దెకు ఉండే పిల్ల, యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతుంది. భుజాన సంచి, చేతిలో గొట్టాలు. గేటు దగ్గర నిలబడి, "ఆంటీ, మీ చెట్టు కొమ్మకు ఒక కవరు కట్టుకోవచ్చా? ఆకు తెంపను" అంది.

చీరల వెనక నుంచి అక్క ఆయాసపడుతూనే, "దీన్ని ఆంటీ అంటున్నవ్. మరి నేనేం కావాలె నీకు?" అంది.

"మీరు అమ్మమ్మ."

"దీనికంటె నాలుగేండ్లే పెద్దదాన్ని. గిది రంగేసుకుంటది తలకు, గందుకే ఆంటీ అయింది" అంది అక్క. ఆ మూడు మాటలకే దగ్గు తెర వచ్చి, పంపు అందించాల్సి వచ్చింది.

అమ్మాయి స్టూలు ఎక్కి, కిందికి వాలిన కొమ్మ ఒకదానికి పల్చటి తెల్ల కవరు తొడిగి మూతి బిగించింది. కవరు నుంచి సన్నటి గొట్టం, ఆ గొట్టానికి గుప్పెట్లో పట్టే మిషను. అది ఆకు విడిచిన గాలిని పీల్చి ఒక చిన్న గాజు గొట్టంలో పట్టి పెడుతుందట. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి వచ్చి పట్టుకుపోయింది. మూడు రోజులు అట్లా చేసింది. పోతూ పోతూ మంచం వైపు చూసి, "అమ్మమ్మ రోజూ ఇక్కడే పడుకుంటారా, ఈ టైముకు?" అని అడిగింది.

"రోజూ. చెట్టు గాలి మంచిది కదా" అన్నాను.

ఆమె గోడ అవతలి బండ్లను చూసి, సంచిలోంచి పుస్తకం తీసి ఏదో రాసుకొంది. ఆ రాసుకోవడం నాకు నచ్చలేదు.

వారం తరువాత ఒక పొద్దున వచ్చి గచ్చు మీద నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతాను. నేను నాలుగో తరగతి దాకానే చదివాను కానీ విన్న మాట పోనివ్వను.

"ఆంటీ, మీ చెట్టు ఒక గ్యాస్ విడుస్తది. ఐసోప్రీన్ అంటరు. మీకు వాసనొచ్చే నూనె వేరే, ఇది వేరే. ఇది ముక్కుకు తెలవదు. ఎండ గట్టిగ కొట్టినప్పుడు ఆకు తట్టుకోవాలంటే ఇది విడుస్తదని మా సార్లు చెప్తరు. పొద్దున తక్కువ, మధ్యాహ్నం బాగా ఎక్కువ. చీకటి పడితే బంద్."

"విషమా?" అన్నాను.

"కాదు. ఆకు విడిచినంతల అది విషం కాదు. ఇది ఒక్క చెట్టే కాదు, లోకంలో ఎన్నో చెట్లు విడుస్తయి. అడివిల విడిస్తే ఎండకు కొన్ని గంటల్లోనే విరిగిపోతది. కొంత మన్ను సుత పీల్చుకుంటది. మన్నుల కంటికి కనపడని జీవాలు ఉంటయి, అవి దాన్ని తింటయి."

"మరి పరేషాన్ దేనికి?"

ఆమె గోడ వైపు చెయ్యి చూపించింది. అప్పుడే ఎర్ర లైటు పడి బండ్లు వచ్చి ఆగాయి. "అదీ. చెట్టు గ్యాసు, బండ్ల పొగ, ఎండ, మూడూ కలిస్తే ఓజోన్ పుడతది."

ఓజోన్ అంటే నాకు తెలుసు. టీవీలో విన్నాను. ఆకాశంలో అది చిరిగిపోతే మనకే నష్టం అన్నారు. "అది మంచిదే కదా బిడ్డా" అన్నాను.

"పైన ఉంటే మనకు గొడుగు లెక్క. కిందికొచ్చి ముక్కు కాడ ఉంటే మిరపకాయ పొగ లెక్క. కంటికి కనపడదు. లోపట ఊపిరితిత్తులు మండుతయి. ఉబ్బసం ఉన్నోళ్లకు ఇంకా తక్లీఫ్. ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగైదు దాకా అది ఎక్కువ ఉంటది."

పదకొండు నుంచి నాలుగు. నేను మంచం వేసిన గంటలు. ఎవరో నా చేతికి గడియారం ఇచ్చి, ఏ వేళ పడుకోబెడితే ఆమెకు ఎక్కువ చెరుపో చూసి పడుకోబెట్టు అన్నట్టు, సరిగ్గా ఆ వేళకే రోజూ పడుకోబెట్టాను. పీల్చిన కొద్దీ మంట అని ఆమె నోటితో చెప్పింది. మందు అట్లనే ఉంటది అన్నాను.

"నా చేత్తోనే చేసిన" అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకొంది. "గట్లనొద్దు ఆంటీ. ఈ చెట్టు వల్లనే అమ్మమ్మకు ఇట్ల అయిందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఓజోన్ ఒక్క మీ వాకిట్ల పుట్టేది కాదు, ఊరంతట గాలిల ఉంటది. ఆ పొగ సుత ఉన్నది, ఎండ ఉన్నది, ఆమె రోగం ఉన్నది. మీ చీరలతోటి పెద్ద ఫరక్ ఏం పడదు. కానీ ఆ టైంల బయట ఉండొద్దు. కిటికీలు మూసి లోపటనే ఉంచండి."

ఆమె మంచి మనసుతో చెప్పింది. నాకు మాత్రం ఆ చివరి మాట ఒక్కటే వినబడింది, లోపటనే ఉంచండి. ఆమె పోగానే చీరలన్నీ విప్పేశాను. మంచం లోపలికి ఈడ్చాను. కిటికీ మూశాను, తలుపు మూశాను, తలుపు కింద సందులో గుడ్డ కుక్కాను.

మీరు రేకుల ఇంట్లో రోహిణి కార్తె మధ్యాహ్నం తలుపులు మూసుకొని కూర్చున్నారో లేదో నాకు తెలియదు. ఒంటిగంటకు గోడలు కూడా కాలాయి. అక్క జాకెట్టు తడిసి ముద్దయింది. "పిల్లా, బయటికి తీస్కపో" అంది. "వద్దక్కా, బయట గాలి మంచిగ లేదు" అన్నాను. "నిన్నటిదాక మందంటివి." "నిన్నటిదాక నాకు తెల్వది" అన్నాను. విసనకర్రతో విసిరాను, నా చెయ్యి పడిపోయేదాకా విసిరాను. విసిరిన కొద్దీ వేడిగాలే తగిలింది ఆమెకు. రెండున్నరకు చేత్తో తలుపు వైపు చూపించింది. నేను తల అడ్డంగా ఊపాను. బయటికి తీసుకుపోతే ఆ గాలి, లోపల ఉంచితే ఈ వేడి. తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడిపోయాను. తీయనా, మూయనా తెలియలేదు. ఆమె కళ్లు నన్నే చూస్తున్నాయి. నలభై ఏళ్లలో ఎన్నో మాటలు అన్నది నన్ను, ఆ చూపులో మాత్రం ఏమీ అనలేదు. అదే తట్టుకోలేకపోయాను.

మూడింటికి పెదవులు నీలంగా అయ్యాయి. పంపు పెడితే పీల్చే శక్తి లేదు. గేటు బయటికి ఉరికి సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోను చేత్తో కొట్టి ఆపాను. ఆటోలో ఆమె తల నా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ప్రతి సిగ్నల్ దగ్గరా పొగ. నా కొంగు ఆమె ముక్కుకు అడ్డం పెట్టాను, మళ్లీ ఊపిరి అందదేమోనని తీశాను, మళ్లీ పెట్టాను. దవాఖాన దాకా అదే పని.

తొమ్మిది రోజులు ఉంచారు. మూతి మీద ఆక్సిజన్ తొడుగు. డాక్టరమ్మను అడిగాను, ఇది చెట్టు వల్లనా, ఎండ వల్లనా, నా వల్లనా అని. "ఏదో ఒక్కటి అని చెప్పలేనమ్మా. అన్నీ కలిసొస్తయి" అంది. ఆ తొమ్మిది రోజుల్లోనే నర్సు నాకు ఊపిరి లెక్క పెట్టడం నేర్పింది. రొమ్ము పైకి లేవడం ఒకటి. నిమిషానికి ఇరవై లోపల ఉంటే సరే, ముప్పై దాటితే పరుగెత్తాలి. పిల్లలకు ఒకట్లు నేర్పినట్టు నేర్పింది. ఇప్పుడు నాకు ఆ లెక్క తప్ప వేరేది రాదు.

నాలుగో రోజు స్నానానికి ఇంటికి వచ్చాను. వాకిట్లో నిలబడి చెట్టును చూశాను. ఆకులు తళతళమంటున్నాయి, ఏమీ ఎరగనట్టు. అంత కోపం నాకు మనిషి మీద కూడా ఎప్పుడూ రాలేదు. కొడుకుతో, "చెట్లు కొట్టేటాయనను పిలు. అక్క ఇంటికొచ్చేలోపల ఇది ఉండొద్దు" అన్నాను. వాడు, "పెద్దమ్మను అడగవా?" అన్నాడు. "ఆమె దీన్ని తిట్టని పొద్దు లేదు, సంబురపడతది" అన్నాను. చెట్టు కొట్టేవాడికి వెంటనే తీరిక దొరకలేదు. వస్తానన్న రోజు, అక్కను ఇంటికి పంపే రోజు ఒకటే అయింది.

పచ్చని చెట్టును కొట్టే ముందు మా ఇళ్లలో దానికి చెప్పుకోవాలి. ఆ రోజు పొద్దున మానుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి, నీ నీడలో కూర్చున్నాం, నీ ఆకు వాడుకున్నాం, తప్పుంటే మన్నించు అని దండం పెట్టాను. దండం పెడుతూనే ఏడ్చాను, ఎవరికి పెడుతున్నానో నాకే తెలియలేదు, చెట్టుకా, అక్కకా. చెట్టు కొట్టేవాడు గొడ్డలి, తాళ్లు దింపి బీడీ ముట్టించుకోబోతుంటే, "ఈ వాకిట్ల పొగ వద్దు" అని గేటు బయటికి పంపాను. అప్పుడే ఆటో వచ్చి ఆగింది. కొడుకు అక్కను రెండు చేతులతో దింపాడు. మనిషి సగం అయింది.

మాను మీద పసుపు చూసింది. గొడ్డలి చూసింది. అంతా అర్థమైంది ఆమెకు.

"ఏందే పిల్లా, బోనం సుత ఎత్తకపోయినవా?"

"అక్కా, ఇది నీ పాణం తీస్తుందే. ఆ పిల్ల చెప్పింది."

"ఏం చెప్పింది?"

చెప్పాను. ఆకు విడిచే గ్యాస్, బండ్ల పొగ, ఎండ, అన్నీ. ఆమె గేటు పట్టుకొని, ప్రతి నాలుగు మాటలకూ ఆగి ఊపిరి తీసుకుంటూ అడిగింది. "అడివిల ఉంటే ఏం చెయ్యదా ఇది?"

"చెయ్యదట."

"మరి బండ్లు ఆపుతవా?"

"అవి నా చేతుల లేవు కదా."

"నీ చేతుల ఉన్నది ఇదొక్కటే అని దీన్ని కొడుతున్నవ్." కాసేపు ఊపిరి అందుకుంది. "ముప్పై ఏండ్లు ఊడ్సిన. తిట్టుకుంట ఊడ్సిన. నేను తిట్టినోళ్లనందర్నీ కొట్టేస్తే, నిన్నెప్పుడో కొట్టాలె. నేను పోతే నువ్వు ఎవరితోటి కొట్లాడుతవ్? ఇది ఉండనియ్యి, దీనితోటన్న కొట్లాడుతవ్."

చెట్టు కొట్టేవాడు మా ఇద్దరినీ చూసి, తాళ్లు చుట్టుకొని, "మీరిద్దరు ఒక మాట మీదికొచ్చినంక ఫోన్ చెయ్యుర్రి" అని వెళ్లిపోయాడు. పసుపు బొట్లు మాత్రం మాను మీదే ఉండిపోయాయి, వానలు కడిగేదాకా.

ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. కొడుకు గోనె సంచులు తెచ్చి రేకుల మీద పరిచాడు. పది గంటలకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి నేనే నిచ్చెన ఎక్కి వాటి మీద నీళ్లు చల్లుతాను. ఈ వయసులో నిచ్చెన ఏందని కొడుకు తిడతాడు. తడి బయటే ఉంటుంది, లోపల వాసన రాదు, గది కాస్త చల్లబడుతుంది. మధ్యాహ్నం కిటికీలు మూసే ఉంచుతాను. మంచం చెట్టు కింద వేసేది తెల్లవారుజామునే. అప్పటికి ఎండ ఉండదు, బండ్లు ఉండవు, చెట్టు ఆ గ్యాస్ విడవదు. పొద్దు ఎక్కక ముందే లోపలికి.

మృగశిర వచ్చిన రోజు పొద్దునే వాన పడింది. మేము చేపల కూర వండుకొనే రోజు అది. అక్క చూరు కింద కూర్చొని, తడిసిన చెట్టును చూస్తూ రెండు ముక్కలు తిన్నది. నిమిషానికి పద్దెనిమిది. నేను మూడుసార్లు లెక్కపెట్టాను.

వాన వెలిశాక గడ్డపార తీసుకొని చెట్టు మొదట్లో సిమెంటు పగలగొట్టడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఎదురు బాల్కనీ నుంచి చూసి దిగి వచ్చింది. "ఆంటీ, మీరు చేసేది మంచిదే. కానీ ఈ జానెడు మన్ను పీల్చుకునేది బహు తక్కువ. మీకు అబద్ధం చెప్పను" అంది. నాకు తెలుసు, అబద్ధం చెప్పే పిల్ల కాదు. "ఎంత తక్కువైతే గంతే" అన్నాను. సిమెంటుతో మూయించింది నేనే కదా. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఆరు రోజులు పగలగొట్టాను. కింద మన్ను తెల్లగా, ఏళ్ల తరబడి పాతిపెట్టిన మనిషి ఒంటి రంగులో ఉంది. రెండు వానలకు నల్లబడింది. వానపాములు వచ్చాయి. అక్క చూరు కింద నుంచి, "దుమ్మని మూయిస్తివి, ఇప్పుడు బురద చేస్తివి. ఊడ్సేది ఎవరు?" అంది. "నేనే ఊడుస్తా" అన్నాను. చీపురు అప్పటి నుంచి నాది.

ఇది పోయిన ఏడు మాట. ఈ ఏడు ఉగాది వెళ్లి రెండు వారాలు అయింది. సిగ్నల్ దగ్గర బండ్లు ఇంకా పెరిగాయి. రేకులు మళ్లీ కాలడం మొదలుపెట్టాయి. రోహిణి ఇంకా ముందు ఉంది. పోయిన వేసవిలో పోయిన బలం ఆమెకు తిరిగి రాలేదు. తెల్లవారుజామున కూడా ఇప్పుడు ఇరవై రెండు, ఇరవై నాలుగు. నేను సంచులు తడుపుతాను, కిటికీలు మూస్తాను, పొద్దుకు ముందే లోపలికి తెస్తాను. అన్నీ చేస్తాను. పోయిన ఏడు కూడా అన్నీ చేస్తున్నాననే అనుకున్నాను కదా. ఇప్పుడు చేసేవాటిలో ఏది తప్పో, ఏ పిల్ల వచ్చి చెప్పాలో. ఆ భయంతోనే పొద్దు గడుస్తోంది. ఈ ఊరి గాలిని కొంగు అడ్డం పెట్టి ఆపలేను, ఆమెకు బదులు నేను పీల్చలేను. లెక్క ఒక్కటే పెట్టగలను.

ఆగండి.

ఇరవై ఆరు. ఫరవాలేదు, ముప్పైకి ఇంకా నాలుగు ఉన్నాయి. లేచింది కూడా. విన్నారా, "పిల్లా, ఎవరితోటి నా మీద చెప్తున్నవ్?" అంటోంది. మీతోనే అని చెబుతాను. సంచులకు నీళ్లు చల్లే వేళ కూడా అయింది, నేను లేవాలి.

మీరు చల్లగా వెళ్లండి. మీ ఇంట్లో ఎవరి ఊపిరినీ ఎవరూ లెక్కపెట్టే అవసరం రాకూడదు. మీ పెద్దలూ పిల్లలూ గాలి పీలుస్తున్నామన్న సంగతే మరిచిపోయి, ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ బతకాలి. మీ వాకిట్లో ఒక చెట్టు ఉండాలి, దాని కింద మన్ను ఉండాలి, మిట్టమధ్యాహ్నం కూడా మీరు దాని కింద మంచం వేసుకొని భయం లేకుండా కళ్లు మూసుకోగలగాలి.